ముప్పై గొర్రెల సైకిలు

అనంతపురంలో గడియారస్తంభం వెనకాల ఉదయ్ కుమార్ సైకిళ్ళ అంగడి. కంబదూరు నుంచి ఈశ్వరి తన పందేల సైకిలును బస్సు మీద వేసుకొచ్చి అతని ముందర నిలబెట్టింది. బేరం మొదలై పది నిమిషాలు కాలేదు, అప్పుడే చెడేలా ఉంది.

"ముప్పై వేలేనా?"

"ముప్పై ఇస్తానని నేనెప్పుడన్నా పాపా? ముప్పైకి ఎవరన్నా అడిగితే వాని కాళ్ళు మొక్కి ఇచ్చేస్తానన్నా."

"రెండు లక్షల పదివేలన్నా. నువ్వే అమ్మినావు. ఈ గల్లాలోనే వేసుకున్నావు."

"వేసుకున్నా, లేదన్లే. అది అయిదేండ్ల కింద మాట."

"కార్బన్ అన్నావు. ఒంటి చేత్తో ఎత్తి చూపించినావు మా నాయనకు."

"ఇప్పుడూ ఒంటి చేత్తోనే లేస్తాది. బరువు పెరగలే. ధర ఒకటే పడింది."

"యాడన్నా గీత పడిందేమో చూడు. చైను వారానికోసారి కడిగినా."

"గీతల మాట కాదు పాపా, బ్రేకు మాట. నీది రిమ్ము బ్రేకు, చక్రం అంచును పట్టుకునేది. ఇప్పుడందరికీ డిస్కు కావాల, చక్రం నడుమ రేకును పట్టుకునేది. కంపెనీలోల్లు మంచి బండ్లకు రిమ్ము పెట్టేదే మానుకుంటాండారు. రేపు దీనికి చక్రం పోతే యాడ వెతుక్కునేది?"

"డిస్కులో అంత ఏముండాది?"

"వానలో బాగా పట్టుకుంటాది."

"వానలో."

"ఊఁ."

"అనంతపురంలో."

"నవ్వద్దు పాపా. బెంగుళూరోల్లు మోజుపడితే ఈడోల్లకూ అదే మోజు. మూడు నెల్లకొక చినుకు పడే ఊర్లో వాన బ్రేకే కావాలంటారు. నేనేం చేద్దు? దానికి తోడు నీ బండి చట్రం కొలత ఒక పేచీ, మరీ చిన్నది. నలభై ఎనిమిది. ఈ జిల్లాలో ఆ కొలత పందేల బండి తొక్కేది నువ్వొక్కదానివే."

"అన్నా, దీనికి ముప్పై గొర్రెలు పోయినాయి. మంద మొత్తం. నాయన పొద్దున్నే తోలుకపోయి సంతలో వదిలేసి, వొట్టి కట్టె పట్టుకొని ఇంటికొచ్చినాడు. ఆ పొద్దు మాయమ్మ ఆ కట్టెను చూసి ఏడ్చింది."

"తెలుసులే."

"ఇప్పుడు గొర్రె పదివేలు. అంటే ముప్పై గొర్రెలు మూడు గొర్రెలైనాయా?"

"ఏం చెప్పేది పాపా."

"అప్పట్నుంచీ ఊరోల్ల గొర్రెలు మేపుతాండాడు, కూలికి. కూలి దుడ్లు వద్దు, గొర్రెపిల్లనియ్యండప్పా అని అడిగి, ఒకటొకటిగా పెంచి ఇరవై చేసినాడు. ఇంక పది కలిస్తే పాత మంద. అందుకే అమ్ముతాండా. పది రాకపోతే పాయ, మూడన్నా తోలుకపోతా."

"మీ నాయనకు చెప్పే వచ్చినావా?"

"లేదు."

"అవునూ, ఎప్పుడూ తొక్కుకుంటా వచ్చేదానివి. ఈ పొద్దు బస్సు మీద తెచ్చినావేం?"

"ఎండన్నా."

"నీకు ఎండా?"

"ఆ గోడకానిచ్చిన పెద్ద డబ్బా ఏంది?"

"అదా... ఆర్డరు. ఎవరిదో."

"డిస్కుదా?"

"ఊఁ."

"ఎంత?"

"లక్షా తొంభై. మొన్న దిగింది. దాన్ని వదిలెయ్. కూచో, టీ తెప్పిస్తా. ఇప్పుడు అమ్మేంత కష్టం ఏమొచ్చింది? మైసూరు పందెంలో ఓడిపోయినావనా?"

"మైసూరు సంగతి నీకెవరు చెప్పినారు?"

"ఎవరో అన్నారు. వానకు బ్రేకు పట్టలేదంట కదా."

"ఎవరన్నారన్నా?"

"పేపర్లో చూసినట్లుండాది."

"పదహారోదిగా వచ్చినదాని పేరు పేపర్లో వెయ్యరన్నా."

"ఎవరో ఒకరులే. పట్టిందా, పట్టలేదా?"

"పట్టింది."

"ఏం?"

"బ్రేకు బాగానే పట్టింది. మోకాలే నిలబళ్ళేదు. లోపల నరం తెగిపోయిందంట. నడుస్తావు, పని చేసుకుంటావు, పందేలు మాత్రం మర్చిపో అన్నాడు డాక్టరు. నాలుగు నెల్లైంది."

"అయ్యో. మరి మీ నాయనకు?"

"ఆ పొద్దు మైసూర్లో వాన పడిన మాట నిజమేనన్నా. ఇంటికి పోతే నాయన వాకిట్లో కూచోని ఉండాడు. ఏమైంది బిడ్డా అన్నాడు. కాలు పోయిందని చెప్పేకి నోరు రాలేదు. వాన మోసం చేసింది నాయనా, నాది పాత బ్రేకు, డిస్కులుండేవాల్లు ముందుకు పోయినారు అన్నా. వాన మోసం చేసిందంటే ఆయన ఇంక మారు మాట అడగడన్నా. ఆయన్ను అది ఎన్నిసార్లు మోసం చేసిందో."

"ఎంత పని చేసినావు పాపా."

"తప్పే. రోజూ తెల్లారకముందే సైకిలు నెట్టుకుంటా పోతా, శెనక్కాయ చేని గట్టున కూచోని ఏడ్చి, ఎండెక్కినాక వస్తా. చెమట పట్టిందా బిడ్డా అని నాయన చెంబుతో నీళ్ళిస్తాడు. ఇంక నా చేత కాదు. ఈ పొద్దు మూడు గొర్రెలు ముందర నిలబెట్టి నిజం చెప్తా."

"మీ గొర్రెల్ని... ఈ మధ్య చూసినావా?"

"యాడ? పోయిన శనివారం నుంచి దొడ్డి ఖాళీగుండాది. చిన్నాయనోల్ల మందతో కలిపి కొండకాడికి మేపుకు తోలినానన్నాడు. ఏం?"

"ఏం లేదు."

"మొగం అట్ల పెట్టినావేమన్నా? ముప్పై కాదంటే ఇరవై అయిదన్నా ఇయ్యి. నేను పోవాల."

"ఆ డబ్బా మీద చీటీ చదువు పాపా."

"ఏంటికి?"

"చదువు."

"ఏదో ఇంగ్లీషు... కొలత, నలభై ఎనిమిది."

"ఊఁ."

"నలభై ఎనిమిది నేనొక్కదాన్నే అన్నావు కదన్నా."

"అన్నా."

"ఎవరన్నా? ఎవరు చెప్పినారు దీన్ని తెప్పించమని?"

"మా బిడ్డ వానకు ఓడిపోయిందప్పా, వానకు ఓడిపోని బండియ్యి అన్నాడు. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు. మైసూరు సంగతి చెప్పిందీ ఆయనే."

"వెనక్కి పంపన్నా. నీ కాళ్ళు మొక్కుతా."

"ఆ కొలతది వాపసు తీసుకునేది లేదని కంపెనీలోల్లు ముందే చెప్పినారు. నువ్వు ఈ సైకిలు తెచ్చి దించినప్పట్నుంచీ నాకు కాలూ చెయ్యీ ఆడలే."

"దుడ్లు యాడివి ఆయనకు? అప్పు తెచ్చింటాడు. అప్పే అయ్యుంటాది, నేను తీరుస్తా. గొర్రెలైతే కొండకాడ ఉండాయి. ఉండాయని నాయనే చెప్పినాడు."

"శనివారం సంత నుంచి నేరుగా ఈడికే వచ్చినాడు పాపా. చేతిలో వొట్టి కట్టె."