బాగుందండీ అన్న మాటను నమ్మని విజయదుర్గ గారు

1990 నవంబరు 19వ తేదీన రాజోలు ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా విధుల్లో చేరిన శ్రీమతి యాళ్ల విజయదుర్గ గారు, ఈ నెలాఖరున అమలాపురం ఆరోగ్య బీమా కార్యాలయం నుండి పదవీ విరమణ చేస్తున్నారు. ఇక కార్యాలయం ప్రశాంతంగా ఉంటుందని కొందరు లోలోపల సంతోషిస్తూ ఉండవచ్చు గాని, ఆ ప్రశాంతత మనకు మంచిది కాదని మొదట్లోనే చెప్పడం ధర్మం.

రాజోలులో పని నేర్చి, కొత్తపేటలో పిల్లల వార్డుకు హెడ్ నర్సుగా ఎదిగిన ఆమె, సూదిమందుకు జడిసి మంచం కిందికి దూరిన పసివాళ్లను బుజ్జగించి బయటికి రప్పించడంలో సాటిలేని ప్రజ్ఞ చూపారు. వెళ్లిపోతున్న డాక్టరు గారిని ఆపి, ఈ పాప పాలు తాగడం లేదు, ఇంకోసారి చూడండని అడగగల చనువూ, అడగకుండా ఉండలేని మొండితనమూ ఆమెకు అక్కడే అలవడ్డాయి.

కొత్త జిల్లా ఏర్పడ్డాక బీమా కార్యాలయానికి వచ్చిన ఆమెకు అప్పగించిన పని వినడానికి సులువైనదే. ప్రభుత్వ బీమా కార్డుపై శస్త్రచికిత్స జరిగిన పిల్లల తల్లిదండ్రులకు ఫోన్ చేసి, వైద్యం ఎలా జరిగిందో కనుక్కోవాలి. అందరిదీ ఒకటే జవాబు: "ఆయ్, బాగా చూసేరండి." మన సంతృప్తి శాతం చూసి పై అధికారులు మురిసిపోయారు. విజయదుర్గ గారికి మాత్రం ఒళ్లు మండింది. ఉప్పు లేని కూర వడ్డించినా బాగుందండీ అంటూ తినే మర్యాదస్తులం మనం, మన మాట పట్టుకుని ఆసుపత్రులకు మార్కులు వేస్తే ఎలాగని ఆమె వాదన.

సఖినేటిపల్లి నుండి లావణ్య అనే తల్లి కూడా అదే జవాబు చెప్పింది. భర్త కువైట్‌లో ఉండగా, ఐదేళ్ల కొడుకు ఆదిత్యకు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పేగు ఆపరేషన్ చేయించి ఇంటికి తెచ్చుకున్న ఇల్లాలు ఆమె. ఫోన్‌లో వెనకనుండి వినిపించిన పిల్లవాడి మూలుగు విజయదుర్గ గారిని కుర్చీలో కూర్చోనివ్వలేదు. బస్సెక్కి వెళ్లి, వైద్యం ఊసెత్తకుండా, బాబు ఏం తిన్నాడని అడిగారు. గంజి కూడా దిగడం లేదు. కట్టు విప్పితే గాయం చీము పట్టి ఉంది, ఒళ్లు కాలిపోతోంది. మరి బాగా చూశారని ఎందుకు చెప్పావని అడిగితే ఆ తల్లి తల వంచుకుంది.

"ఉచితంగా చేసేరు కదండీ. మళ్ళీ వంకలు పెడితే బాగోదనండీ."

"ఊరికే చెయ్యలేదమ్మా. నీ బిడ్డ పేరున ప్రభుత్వం డబ్బు కట్టింది. నయం చేసి పంపే పూచీ వాళ్ళది," అన్నారు విజయదుర్గ గారు.

ఆ పూటే తల్లీబిడ్డలను అద్దె కారులో అదే ఆసుపత్రికి తీసుకువెళ్లారు. బీమా కింద ఉంచుకునే గడువు అయిపోయింది, మళ్లీ చేర్చుకోలేమని మేనేజరు మర్యాదగానే సెలవిచ్చారు. ఆమె అంతకంటే మర్యాదగా, సర్జన్ గారు వచ్చి చూసేవరకూ అక్కడినుండి కదలనని, తన మీద ఎవరికి ఫిర్యాదు చేసుకున్నా అభ్యంతరం లేదని చెప్పి, పిల్లవాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చున్నారు. సర్జన్ వచ్చారు. ఇంకొంచెం ఆలస్యమైతే ప్రాణం మీదికి వచ్చేదని ఆయనే ఒప్పుకుని చేర్చుకున్నారు. ఆదిత్య ఇప్పుడు బడికి వెళుతున్నాడు.

అటుపైన ఆమె బాగా చూశారా అన్న ప్రశ్ననే తీసి పారేశారు. బిడ్డ ఏం తింటోంది, గాయం ఎలా ఉంది, కట్టు ఎవరు మార్చారు అని అడగడం మొదలుపెట్టారు. జిల్లా సంతృప్తి శాతం దభాలున పడిపోయింది. సమీక్షా సమావేశంలో సంజాయిషీ అడిగితే, "పడిపోయింది మన మార్కులేనండి. పిల్లలు లేచి తిరుగుతున్నారు" అని ఊరుకున్నారు.

ఈ వ్యాసం రాస్తున్న ఉదయమే అంబాజీపేట నుండి ఒక తల్లి తనంతట తానే ఫోన్ చేసింది. తన కూతురి కుట్లు సరిగా విప్పలేదని, జీతాలు తీసుకుని మీరంతా ఏం చేస్తున్నారని కార్యాలయాన్ని దులిపేసింది. ఆ చీవాట్లన్నీ ఓపిగ్గా విన్న విజయదుర్గ గారు, ఇన్నాళ్లకు మనవాళ్లకు నిలదీయడం వచ్చిందని కళ్లు తుడుచుకున్నారు. ఏ సన్మానానికీ ఆమె అంతగా పొంగిపోవడం ఎవరూ చూడలేదు.

భర్త శ్రీ రాఘవులు గారితో, పిల్లాపాపలతో ఆమె ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని సహోద్యోగులందరి ఆకాంక్ష. ఫోన్ పెట్టేయగానే చెప్పులు వేసుకోబోయిన ఆమెను బలవంతాన కూర్చోబెట్టి, కుట్లు విప్పని ఆ పాపను చూడటానికి అంబాజీపేట బస్సు ఈసారి మేమే ఎక్కాం.