మాల్యాద్రి తోటలో గోరింకల డ్యూటీ

రాచర్ల రోడ్డు మీద టీ దుకాణంలో మాల్యాద్రి గ్లాసు పట్టుకుంటే, అది చల్లారేదాకా ఆయన మాట ఆగదు. ఆ రోజు సుబ్బన్న మధ్యలో లేచి వెళ్ళలేని పరిస్థితి. అతని నలభై గొర్రెలు రోడ్డు వార ఎండుగడ్డి కొరుకుతున్నాయి. ఎదురుగానే మాల్యాద్రి అలసంద తోట. ఆఖరి కాయ నిన్ననే మార్కెట్‌కు పోయింది, తీగ ఇంకా పచ్చగా ఉంది. కాపు అయిపోయిన చేలో గొర్రెలకు మేత, చేనికి ఎరువు. అక్కడ ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే. "తోలుకో" అని మాల్యాద్రి ఒక్క మాట అంటే చాలు.

ఆ ఒక్కటీ తప్ప ఆయన అన్నీ చెబుతున్నాడు.

"కాయకు పురుగు పడింది. నేను మందు డబ్బా ముట్టినానా? లే. పిట్టలు వాలేదానికి నాలుగు పంగలకర్రలు పాతినా, అంతే. ఒక గోరింక వచ్చి కూచునింది. నన్ను చూసింది, పురుగును చూసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తినింది," అంది టీ పోస్తున్న మాలకొండమ్మ.

"తినలేదమ్మా! నల్లమలకు పోయి నాలుగు వందల గోరింకల్ని పిల్చుకొచ్చింది. కర్రలు చాలక ఒకదాని వీపు మీద ఒకటి కూచున్నాయి. 'ఇట్ల కాదు, షిఫ్టులేసుకోండి' అన్నా. విన్నాయి! పొద్దున గోరింకలు, మధ్యాహ్నం తొండలు, రాత్రికి కప్పలు. కప్పలకు నీళ్ళ తొట్టి పెట్టినా. కాళ్ళు కడుక్కోనిదే ఒక్కటీ డ్యూటీ ఎక్కదు."

"ఆదివారం సెలవా మామా?" అన్నాడు బెంచీ మీది శ్రీరాములు.

"ఆదివారం సాలీళ్ళు చూసుకుంటాయిరా. అవి అల్లిన గూట్లో గిద్దలూరు ఆటో చిక్కుకుంటే నేనే పోయి విడిపించినా. చివరికి పురుగులే విసిగి, వరస కట్టి అర్ధవీడు దిక్కు వలసపోయినాయి. అందుకే గేటుకు బోర్డు రాయించినా, 'ఈ నేలలో విషానికి చోటు లేదు' అని. అనుమానముంటే ఆకు తుంచి పచ్చిగా నమలండి!"

సుబ్బన్న లేచాడు.

"మామా, నిరుడు మందు కొట్టిన చేలో మేసి నా గొర్రెలు ఆరు చచ్చినాయి. అప్పట్నుంచి అడగందే ఏ చేలోనూ వదల్లే. నీ మాటతో భయం పోయింది. తోలుతున్నా."

ఈల వేశాడు. నలభై తలలు ఒక్కసారి తోట వైపు తిరిగాయి.

మాల్యాద్రి నవ్వుతూనే ఉన్నాడు. గొర్రెలు రోడ్డెక్కాయి. నవ్వు తగ్గింది. ముందున్న పొట్టేలు గేటు దగ్గరికి చేరేసరికి గ్లాసు పడేసి, ఒక చెప్పు అక్కడే వదిలేసి పరుగెత్తాడు. రెండు చేతులూ చాపి, తన బోర్డు కిందే అడ్డంగా నిలబడ్డాడు.

"ఆపరా అల్లుడా! పది దినాలు ఆగు!"

"ఎందుకు మామా?"

మాల్యాద్రి దుకాణం వైపు చూశాడు. బెంచీ మీదివాళ్ళంతా లేచి నిలబడి చూస్తున్నారు.

"ఆఖరి కాయ పుచ్చిపోతుందని... మొన్న కొంచెం కొట్టినా."

సుబ్బన్న పొట్టేలు కొమ్ములు పట్టి వెనక్కి తిప్పాడు. తోటలో ఒక పంగలకర్ర మీద నిజంగానే గోరింక ఒకటి వాలి, కింది ఆకుల్లోకి మెడ వంచి చూస్తోంది.

"దానికి చెప్పినావా మామా," అన్నాడు సుబ్బన్న, "పది దినాలు డ్యూటీకి రావద్దని?"