కొండ మీంచి దూకిన మనిషి

వల్పరైసో రేవుపట్నంలో పాత సినిమా హాలు పడగొడుతుంటే గోడలో ఒక తుప్పు డబ్బా దొరికింది. నలభై ఏడేళ్ల కిందట విడుదల కాకుండానే మాయమైన సాహసాల మూకీ సినిమా అందులో ఉంది. కబురందగానే, దాని కథానాయిక అయిన ముసలావిడ ఫిల్ములు బాగుచేసే అతని గదికి వచ్చింది.

“అమ్మా, ఆ సిగరెట్టు బయటే ఆర్పేసి రండి. ఈ ఫిల్ము అంటుకుంటే ఇద్దరం బూడిదే.”

“ఆర్పేశాలే. ఏం మిగిలింది?”

“చాలామటుకు జిగురుముద్ద అయిపోయింది. కొండ మీంచి సముద్రంలోకి దూకే ఘట్టం మాత్రం చెక్కుచెదరలేదు.”

“మొహం కనిపిస్తోందా?”

“టోపీ ఎగిరిపోయాక కనిపిస్తోంది. ముందు మీరు కూర్చోండి.”

“సరిగ్గా చూశావా, బాబూ?”

“భూతద్దం పెట్టి చూశాను. అందుకే మిమ్మల్ని ఒక్కరినే రమ్మన్నా. గౌను మీదే గానీ, లోపలున్నది ఎవరో కుర్రాడు.”

“మా తమ్ముడు రెమీహియో. నాకు ఈత రాదని వాడు దూకాడు. మళ్లీ పైకి రాలేదు. సినిమా వాళ్లు నోరెత్తొద్దన్నారు. నేనే దూకాననుకుని ఊరు నన్ను భుజాలమీద మోసింది. వాడు ఓడెక్కి పెరూ పోయాడని అమ్మకు చెప్పాను. తను పోయేదాకా వాడి ఉత్తరం కోసం చూసింది, పిచ్చిది.”

“ఆదివారం దీన్ని తెరమీద వేస్తున్నాం, ఊరంతా చూడ్డానికొస్తోందమ్మా. మొహం ఉన్నది జానెడు ముక్కే. పాడైపోయిందని కత్తిరించేస్తే ఎవరికీ తెలీదు.”

ఆమె కుర్చీని బల్ల దగ్గరికి జరుపుకుంది.

“ఆదివారం జనానికి నేనే చెప్పుకుంటాను. కత్తెర పక్కన పెట్టి ఆ ముక్క చూపించు, నాయనా. మా ఇంట్లో వాడి ఫోటో ఒక్కటీ లేదు.”