వకీలమ్మ చెప్తేనే విన్నాడు

మందుల ఫ్యాక్టరీ తమ ఊరి వాగులోకి మురికినీళ్ళు వదులుతోందని వేసిన కేసులో, దాన్ని మూసెయ్యాలని హైకోర్టు చెప్పి గంట కాలేదు. కోర్టు బయట టీ బండి దగ్గర ఆ కేసు వేసిన మొగుడూ పెళ్ళాలు ఊరి బస్సు కోసం కూర్చున్నారు. ఆమె మొహంలో మాత్రం సంబరం లేదు.

"గెలిస్తిమి గదనే! ఇంకేమైంది నీకు?"

"నాకేమైతది? పో, మీ వకీలమ్మతోని ఇంకో చాయ్ తాగు."

"ఆమె కొట్లాడకపోతె ఈ తీర్పు వస్తుండెనా?"

"అందుకేనా, ఆమె ఫోన్ చేస్తె తినే కంచం ఇడిసిపెట్టి ఉరుకుతవు?"

"ఛీ! ఆమె మన బిడ్డ ఈడుది."

"నా ఏడుపు ఈడు గురించి గాదయ్యా. వాగు నీళ్ళు తాగితె బర్లు బతకయని నేను మొత్తుకున్న. నీకేం ఎరుకనే అని కసిరినవు. రెండు బర్లు నా కండ్ల ముందల్నే సచ్చినయి. గదే ముచ్చట ఆమె ఒక్కసారి చెప్తె కోర్టుకెక్కినవు."

కాదంటాడేమోనని ఆమె చూసింది. అతడు చేతిలోని చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు.

"తప్పయింది. రేపు పేపరోళ్ళు మన వాగు కాడికి వస్తరు. బర్ల సంగతి నువ్వే చెప్పు."

"ఆమె గూడ వస్తదా?"

"వస్తది."

"అయితె నేనే చెప్త. ఫోటో తీసేటప్పుడు ఆమె పక్కన నేను నిలబడత. నువ్వు ఎనుకకుండు."