కొంగు తిప్పి చూసినందుకు

హలో… ఆ, నేనే వదినా, గంగాధరను… అన్న ఫోన్ పగిలిపాయ, ఇది నర్సమ్మది…

లేదు, సముద్రంలో ఎవురూ పడల్యా… మహాబలిపురంలోనే ఉండాము, ఆస్పత్రిలో… బస్సులో వచ్చినోళ్ళంతా బయట ఉండారు… ముందు నువ్వు ఏడవడం ఆపు. నువ్వు ఏడిస్తే నేను చెప్పలేను.

అన్నను కొట్టిన వీడియో చూసినావా?… ఎవుడు పంపింది? వాని చేతులు విరగ… సరే, చూసినావు గదా. అందులో లేనిది చెప్తా, విను.

రాతిగుడులన్నీ చూసి ఒడ్డుకు పోతిమి. నేను కొబ్బరి బోండాలు తెచ్చేకి పోతి. అన్న ఒక్కడే నిలబడుకోని ఉండాడు. ముందర ఒకాయమ్మ ఫొటో దిగుతాంది, పట్టుచీరలో… చిలకల అంచు వదినా. నువ్వు గీసిందే. వెనక్కి తిరిగి చూసే చిలక… ఆ, అదే. మన మగ్గం మీద తప్ప యాడా నేయరు గదా. ఇంగ అన్న ఆగుతాడా? పోయి కొంగు పట్టుకోని తిప్పినాడు.

ధర్మవరంలో అయితే ఏముంది! పెండ్లిండ్లలో ఎవురి కొంగైనా తిప్పి నేత చూస్తాం, వాళ్ళే నవ్వుతా చూపిస్తారు. ఈడ ఎవురికి తెలుసు?… ఆయమ్మ అరిచె. అంతే. నలుగురొచ్చి మీద పడిరి.

… చెప్పినాడు! 'నేసేటోళ్ళం తల్లీ, నేసేటోళ్ళం' అని అరుస్తానే ఉండాడు. ఆ అరవమోళ్ళకు మన మాట యాడర్థమయ్యేది? కడుపులో తన్నిరి. నోట్లో ఇసుక… కింద పడినాక ఒక ఎర్రచొక్కావోడు, బూట్లేసుకోని, కుడిచెయ్యి మీద ఎక్కి తొక్కినాడు. ఒకసారి కాదు వదినా. ఎముక విరిగిన సప్పుడు నాకు వినపడె.

నేనా?… ఊరకుంటానా! చేతిలో బోండాం ఉండె. దాంతోనే వాని మూతి మీద కొట్టినా. పడినాడు. పడినాక కూడా కొట్టినా. పండ్లు రాలినాయి… చచ్చిపోయింటే కూడా నాకు బాధ లేదు… లే, చావల్యా. బయట పోలీసు కూచోనుండాడు, నా కోసమే.

అది పోనీ. అసలు మాట విను. చూపుడువేలు నలిగిపోయింది. తీసెయ్యకుంటే చెయ్యంతా పోతాదంటాంది డాక్టరమ్మ… ఆ, కుడిచెయ్యే. తెగిన పోగు అతికే వేలే… నాకు తెలీదా వదినా! తెలిసే గదా నీకు ఫోన్ చేసింది… సంతకం పెట్టనంటాండాడు. కాగితం చించేసినాడు. దగ్గరికొచ్చినోళ్ళను కాలితో తన్నుతాండాడు. ఒకటే అడుగుతాడు… 'ఆ చీర మనదేనా, చూసినావా' అని. అన్న సరిగ్గా చూసే లోపలే కొట్టిరి గదా.

… చూసినా. సంగతి తెలిసి ఆయమ్మే ఈడికి వచ్చె. అన్న మీద కేసు వద్దనె. తనే కొంగు తిప్పి చూపించె నాకు…

వదినా, అంచు నీదే. నేత మనది కాదు. వెనక పోగులన్నీ కత్తిరించి ఉండాయి, చేత్తో నేసేటోళ్ళం మనం అట్ల కత్తిరిస్తామా?… ఆ. మిషన్‌ది. నీ చిలకను ఎవుడో మిషన్లో దించినాడు… అన్నకు ఎట్ల చెప్పేది? మిషన్ చీర కోసం వేలు పోయిందని ఏ నోటితో చెప్పేది?

… ఆ, వింటాండా, చెప్పు వదినా…

ఏంది?… మనదేనని చెప్పాల్నా?… నువ్వేనా ఈ మాట అంటాండేది?… సరే. ఉండు, అన్న మంచం కాడికి పోయి ఫోన్ చెవికాడ పెడతా, నువ్వే చెప్పు… ఆ, నీ గొంతులో అబద్ధం పట్టేస్తాడు, నిజమే. నేనే చెప్తా. ఫోన్ పెట్టెయ్యద్దు.

అన్నా! ఇట్ల చూడు… చూసినా. నా కండ్లతో చూసినా… మనదే. మన మగ్గందే… ఆ, వెనక కూడా చూసినా. ఒక్క పోగు తెగల్యా.

… వదినా, నవ్వుతాండాడు. మూతి పగిలి రక్తం కారుతాంది, నవ్వుతాండాడు. 'ఆయమ్మకు బాగుండె చీర' అంటాండాడు… డాక్టరమ్మా, కాగితం తెండి!… పెడతాండాడు వదినా. ఎడమ చేత్తో.

… తీసుకపోయిరి లోపలికి. తలుపేసినారు… ఇంగ ఏడువు వదినా. గట్టిగా ఏడువు, అన్నకు వినపడదు… వస్తాండా సార్. మా వదిన సార్, ఒక్క నిమిషం… చెయ్యి వదులు సార్, నేనే వస్తా—