పాత కారు మైలేజీ

2012 ఎండాకాలం, సూర్యాపేట. మిర్యాలగూడ రైస్‌మిల్లులో గుమాస్తా పని ముగించుకుని ఇంటికొచ్చిన చిరంజీవికి ఇవాళ మంచినీళ్లు కూడా అందలేదు. భార్య ఉమ కారు తాళం గుంజుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

“మళ్ల జెప్పు. లీటరుకు ఎంతిస్తున్నది?”

“ముప్పై. ఇంకా ఎక్కువనే అనుకో.”

“గా పాత మారుతి?”

“పాతదైతే ఏంది? తేలిక బండి. ఏసీ లేదు, ఏం లేదు. మీ తమ్ముని కొత్త కారుకు అన్నీ హంగులే. తాగదా మరి?”

“ప్రేమ్‌కుమారే అన్నడు. కొత్త బండ్లే గంత ఇస్తలేవు, బావది ఎట్లిస్తదక్కా, జర సూసుకో అని.”

“వాడికి కుళ్లు.”

“కుళ్లేం గాదు. ఇదివరకు ఊకె బంకుకు పోయేటోనివి. ఇప్పుడు నెల దాటినా పెట్రోలు ఒడుస్తలేదు. బండి ముసల్దైతుంటే మైలేజీ పెరుగుతదా?”

“కార్బురేటర్ సాఫ్ జేయించిన.”

“ఎవరితోని?”

“ఎవరితోనో... మెకానిక్ మోతీలాల్‌తోని.”

“మోతీలాల్‌నడిగిన. నీ బండి మొఖమే సూడలేదంట.”

“ఉమా, జర నీళ్లియ్యి.”

“ఇస్త. బస్టాండు ఎనక సందుల మన కారు పొద్దుగాల్నుంచి పొద్దుమూకెదాక ఉంటదంట గదా. పక్కింటి రుక్మిణి సూసింది. ఎవరింటి ముందల?”

“ఎవరిల్లూ కాదు. నీడ ఉంటదని...”

“నువ్వు మిర్యాలగూడల ఉంటే నీ కారు గీడ నీడకు కూసుంటదా?”

“ముందుగాల గా తాళం ఇటియ్యి.”

“ఎవతె?”

“ఛీ! ఏం మాటలే అవి!”

“మరేందయ్యా? కార్ల నేను నీ పక్కన కూసొని జర సూసి నడుపు అంటే కసిరేటోనివి. ఈ నడుమ ఇంకా జెప్పు, ఇంకా జెప్పు అంటున్నవ్. జరసేపు గమ్మునుంటే ఏమైంది, మాట్లాడు అంటున్నవ్. గప్పుడే అనుమానమొచ్చింది నాకు. తప్పు జేసినోళ్లే గిట్ల మంచిగుంటరు.”

“బస్సుల పోతున్న.”

“ఏంది?”

“మిర్యాలగూడకు. ఇంట్ల తెల్వొద్దని కారు తీస్త. బస్టాండు కాడ పెట్టి బస్సెక్కుత.”

“కారుండంగ బస్సెందుకు?”

“కండ్ల దవాఖానల బండి నడపొద్దన్నరు. కుడి కన్ను పోయినట్టే. రెండోదానికి దగ్గరియి కనిపిస్తయి, దూరపుయి మసక.”

“నాకెందుకు జెప్పలే?”

“నీకు జెప్తే ఏడుస్తవ్. నలుగురికి తెలుస్తది. కండ్లు లేని గుమాస్తాను మిల్లుల ఉంచుకుంటరా ఉమా? మన బతుకేం గాను?”

“ఎంత పరేషాన్ పడ్డవయ్యా ఒక్కనివే... ఆగు. ఆగాగు. మొన్న ఆదివారం కోదాడకు కార్లనే పోయినం గదా.”

“పోయినం.”

“నేను, పిల్ల ప్రవళిక, అందరం. గా హైవే మీద, గా లారీల నడుమ... ఎట్ల నడిపినవయ్యా?”

“నువ్వు పక్కన కూసొని, లారీ వస్తున్నది, గొర్లు అడ్డమొస్తున్నయి, బ్రేకు గొట్టు అంటనే ఉన్నవ్ గదా. నీ మాట ఇనుకుంట నడిపిన.”