మ్యూజియంల బడి

"అమ్మమ్మా, నువ్వు మ్యూజియంల టీచర్ వేషం కట్టినవని అమ్మ చెప్పింది. నిజమేనా?"

నిజమే బిడ్డా. వేషమంటే వేషమే మరి. ఇన్నేండ్లు నిజం టీచర్‌గ చేసి రిటైరయినంక, మళ్ళ టీచర్ వేషం కట్టిన. మీ తాత ఉంటే మస్తు నవ్వుతుండె. అప్పటికే ఆయన పోయిండు. నాంపల్లి స్టేషన్ల పార్సిల్ ఆఫీసుల చేసెటోడు గద, గా నౌకరి మీదనే మేము మెదక్ దిక్కు నుంచి గీడికి వచ్చినం. జర ఆ దిండు గిటియ్యి, నడుము నిలబడ్తలేదు. ఆఁ, చాలు.

ఏం చెప్తున్న? ఔ, మ్యూజియం. రెండు వేల సంవత్సరం దాటినంక ముచ్చట ఇది. ఆబిడ్స్‌ల పెద్ద పోస్టాఫీసు దాటినంక ఒక గల్లీ ఉంటుండె, దాంట్ల పాత బంగ్లా. ఎవ్వరో నలుగురు పెద్దమనుషులు కలిసి దాన్ని కిరాయికి తీస్కొని మ్యూజియం పెట్టిన్రు. మామూలు మ్యూజియం గాదు. అద్దాల పెట్టెలల్ల కత్తులు, గిన్నెలు పెట్టి ముట్టొద్దని రాస్తరు సూడు, గట్ల గాదు. గీడ ముట్టాలె. వంటింట్ల ఒకామె పాతకాలం చీర కట్టుకొని జొన్నలు విసురుతుంటది, వచ్చినోళ్ళు గూడ పక్కన కూసొని ఇసుర్రాయి తిప్పాలె. ఇంకో అర్రల పాత దవాఖాన. కాంపౌండర్ వేషం కట్టినాయన రంగునీళ్ళు గీతల కాయితం అతికించిన సీసాలల్ల పోసి, పూటకు ఒక గీత తాగు అని చెప్తుండె. వెనకటి కాలంల మనుషులు ఎట్ల బతికిన్రో, గట్ల ఒక గంట బతికి పోవాలన్నట్టు.

దాన్ని నడిపిస్తుండె రఘురాం అని ఒక పిలగాడు. పిలగాడంటే నాకు పిలగాడు గని, ముప్పై దాటినయ్. మంచోడు. మాతోని పన్జేసిన సైన్సు టీచర్ ఆయనకు పెద్దమ్మ అయితది, ఆమె నా పేరు చెప్పిందట. ఇంటికొచ్చి, మేడం, పాతకాలపు బడి అర్ర పెడ్తున్నం, మీరు పంతులమ్మగ చెయ్యాలె అన్నడు. నాకు ఇంట్ల ఏం తోస్తలేదు అప్పుడు. పొద్దుగాల ప్రార్థన, మధ్యాహ్నం టీవీ, సాయంత్రం మొక్కలకు నీళ్ళు. గంతే బతుకయింది. సరే అన్న.

బడి అర్రంటే మంచిగ చేసిన్రు బిడ్డా. నేల మీద జంపఖానా, గోడకు నల్లబల్ల, పలకలు, బలపాలు. అచ్చు మా చిన్నప్పటి తీరే. వచ్చినోళ్ళు పిల్లలు, పెద్దోళ్ళు అందరు కింద కూసోవాలె. నేను అంచు చీర కట్టుకొని, బెత్తం పట్టుకొని లోపలికొస్త. అందరు లేచి నిలబడాలె. ఒకర్ని లేపి పదమూడో ఎక్కం అడుగుత. రాదు గద. అప్పుడు చెయ్యి చాపు అంట. వాళ్ళు చాపుతరు, నేను బెత్తంతోని టేబుల్ మీద చట్టుమని కొడ్త. అందరు నవ్వుడు, ఫోటోలు దిగుడు. గదే అందరికి ఇష్టం. బయటికి పోయేటప్పుడు టీచరమ్మ అర్ర మంచిగున్నదని చెప్పి పోతుండిరి. నాకు గూడ కుషీ అయితుండె, అబద్ధం ఎందుకు.

ఒక ఆయితారం బాగ మంది వచ్చిన్రు. నేను చర్చి నుంచి సీదా గాడికే పోయిన. జంపఖానా మీద జాగ లేదు. వెనక గోడకు ఆనుకొని ఒక పెద్దమనిషి కూసున్నడు, తెల్లంగి, ధోతి. పక్కన ఆయన బిడ్డ, ఆఫీసుల పన్జేసే పిల్ల తీరుగున్నది. ముసలోళ్ళను లేపితే పిల్లలకు మజా వస్తది గద, అందుకని ఆయననే లేపిన. పదమూడో ఎక్కం చెప్పు అన్న.

ఆయన లేచిండు. నేను చెయ్యి చాపు అనకముందే చెయ్యి చాపిండు. చాపి, మొఖం గోడ దిక్కు తిప్పుకొని కండ్లు మూసుకున్నడు.

అందరు నవ్విన్రు. తాత మంచిగ యాక్టింగ్ చేస్తుండు అని ఎవ్వరో అన్నరు. నేను ఆయన చెయ్యి చూసిన. గోర్లల్ల నల్లటి గ్రీసు పట్టున్నది, వేళ్ళు సాపుగ చాపిండు. యాక్టింగ్ చేసెటోడు నా మొఖం దిక్కు చూస్తడు బిడ్డా. దెబ్బలు తిన్నోడే కండ్లు మూసుకుంటడు. ఆ బెత్తం పట్టుకున్న నా చెయ్యే నాకు పరాయిదయినట్టనిపించింది.

బెత్తం టేబుల్ మీద పెట్టిన. మందిల నుంచి ఆయన దగ్గరికి పోయి, ఆ చెయ్యి పట్టుకొని కిందికి దించిన. "కూసో అయ్యా. గీడ ఎవ్వరు కొట్టరు" అన్న.

నవ్వులు ఆగిపోయినయ్. ఆయన కండ్లు తెరిచి నన్ను చూసి, చిన్న పోరగానిలెక్క కూసున్నడు.

క్లాసయినంక అందరు పోయిన్రు, ఆయన పోలే. బిడ్డ పేరు లలిత, ఆమె పాపం సిగ్గుపడి పోదాం నాయినా, పోదాం అంటున్నది. ఆయన మెల్లగ చెప్పిండు. పేరు కిష్టయ్య. కాచిగూడల సైకిళ్ళ దుకాణం. కిరాయి సైకిళ్ళు ఇస్తుండిరి సూడు వెనకట, గంటకు ఇంత అని, నీకు తెల్వది లే, మీ అమ్మను అడుగు, గట్ల మొదలుపెట్టి తర్వాత రిపేరు దుకాణం చేసుకున్నడు. చిన్నప్పుడు, నిజాం కాలంల, బడికి పోయిండట. అప్పుడు చదువంత ఉర్దూల. ఇంట్లనేమో తెలుగే, అంగట్ల నాలుగు తురకం మాటలు తప్పితే ఏం రావు. సారు ఏం అడుగుతుండో తెల్వకపోయేది. తెల్వదని చెప్పుడు గూడ ఏ మాటల చెప్పాల్నో తెల్వకపోయేది. ఊకె నిలబడితే దెబ్బలు. రోజు గదే. కొన్నాళ్ళకు సారు తన దిక్కు చూస్తెనే చెయ్యి చాపుడు అలవాటయిందట. ఒకనాడు బడి నుంచి ఉరికిండు, మేనమామ సైకిల్ దుకాణంల కూసున్నడు, మళ్ళ పోలే.

"ఆ సారు తప్పు గూడ గాదమ్మా" అన్నడు. "ఆయనకు పైనుంచి హుకుం ఎట్లుంటే గట్ల చెప్పిండు. నాకు మాత్రం బడంటే ఆ చప్పుడే యాదికున్నది."

వాళ్ళు పోయినంక నేను రఘురాం దగ్గర కూసున్న. జరిగింది మొత్తం చెప్పిన. రేపటి నుంచి టేబుల్ మీద బెత్తం కొట్టనన్న. ఆయన ఊకె కాదనలే. ఏమన్నడంటే, మేడం, బెత్తం తీసేస్తే అది పాత బడి ఎట్లయితది, వెనకటి కాలంల కొట్టలేదని అబద్ధం చెప్పినట్టయితది గద అన్నడు. మాట ఖరే ఉన్నది.

"బెత్తం తీసెయ్యమంటలేను సార్" అన్న. "దాన్ని జూసి నవ్వుకునేటట్టు చెయ్యొద్దంటున్న."

సెలవు దినం ఇంటిల్లిపాది పైసలు పెట్టి టికెట్ కొని వస్తరు మేడం, ఏడిపిస్తే ఎవ్వరొస్తరు అన్నడు. వేషం చీర మడతపెట్టి అక్కడిచ్చి ఇంటికొచ్చిన. కొట్లాట ఏం గాలే. కని మళ్ళ పోలే.

ఇంట్ల కూసున్నంక ఒకటే ఫికర్. ఎందుకొచ్చిన రోషమే అని నన్ను నేనే తిట్టుకున్న. నాంపల్లి మార్కెట్‌ల టమాటలు తెద్దామని పోయి, ఉత్త సంచి పట్టుకొని వచ్చిన. అప్పుడు టమాట ఎంత... ఐదారు రూపాయలకు కిలో ఉంటుండె, ఇప్పటి లెక్కనా? చర్చిల పాస్టర్ గారు వాక్యం చెప్తుంటే నా మనసు ఆ జంపఖానా మీదనే. మా చెల్లె సమాధానమ్మ వచ్చి, ఇంటి పట్టున ఉండక నీకెందుకే గివన్ని అన్నది. ఆమె ఎప్పుడు గంతే, చిన్నప్పటి సంది.

గట్ల మూడు నాలుగు వారాలు అయింది. ఒకనాడు సాయంత్రం రఘురాం ఇంటికొచ్చిండు. చాయ్ పెట్టిన. తాగుకుంట చెప్పిండు. కిష్టయ్య మళ్ళ వచ్చిండట. నా జాగల వేరే ఆమె ఉండేసరికి లోపలికి పోకుండ వరండాల కూసున్నడట, ఆ టీచరమ్మ ఏది అని అడిగిండట. రఘురాం పక్కన కూసొని, ఆయన ముచ్చట మొత్తం ఆయన నోటితోని విన్నడు.

"ఆయన చెప్తుంటే నేను లేవలేకపోయిన మేడం" అన్నడు. "ఒక్కసారి మీ తీరుగ చేసి చూద్దాం."

కిష్టయ్యను అడిగితే ఆయన గూడ వస్తనన్నడు. ఎట్ల చేసినమంటే, మొదలు అన్ని ఎప్పటిలెక్కనే. లేచి నిలబడుడు, ఎక్కం అడుగుడు, చెయ్యి చాపుడు. జనం నవ్వబోతరు. నేను బెత్తం ఎత్తి, కొట్టకుండ ఆపి, టేబుల్ మీద పెడ్త. అప్పుడు మందిల కూసున్న కిష్టయ్య లేచి, తన బడి ముచ్చట చెప్తడు. మొదటి రోజు ఆయనకు నోరు పెగల్లే. నేను చిన్నగ, సైకిల్ దుకాణంల గిరాకితోని మాట్లాడినట్టు మాట్లాడయ్యా అన్న. ఇగ చెప్పిండు. స్కూల్ పిల్లలొచ్చిన్రు ఆ రోజు, ఒక్కరు కదల్లే. అయిపోయినంక వాళ్ళ సార్లు గూడ వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నరు. జనం తగ్గుతరని రఘురాం భయపడ్డడు గద, తగ్గలే. తాత మాట్లాడేది ఏ రోజు అని అడిగి మరీ వచ్చిన్రు.

కొన్ని వారాలయినంక, అందరు పోయి తలుపులు వేసే యాళ్ళకు కిష్టయ్య నా దగ్గరికొచ్చి నిలబడ్డడు.

"అమ్మా, గీడ బడి ఉన్నది, పలక ఉన్నది, నువ్వున్నవ్. నాకు అక్షరాలు నేర్పరాదు?"

నేను రఘురాం దిక్కు చూసిన. ఆయన తాళంచెయ్యి తీసి నా చేతుల పెట్టిండు.

పొద్దుగాల టికెట్ల కిటికీ తెరవకముందే మా క్లాసు. కాచిగూడ నుంచి కోఠి మీదికెళ్ళి సైకిల్ తొక్కుకుంట వస్తుండె. స్పానర్ పట్టిన చెయ్యి గద, బలపం పట్టుకుంటే పటుక్కున విరుగుతుండె. విరిగినప్పుడల్ల నా మొఖం చూస్తుండె, కోపం చేస్తనేమోనని. ఇంకొకటి తీస్కో అంటుంటి. కొన్నాళ్ళకు చూసుడు బంజేసిండు. విరిగితే ఆయనే నవ్వుకొని ఇంకొకటి తీస్కుంటుండె. బిడ్డా, ఇన్నేండ్ల నౌకరిల ఎంతోమంది ఫస్టు క్లాసుల పాసయిన్రు, నాకు గంత సంతోషం ఎప్పుడు గాలే.

ఒక ఆయితారం భార్యను తీస్కొచ్చిండు. నర్సమ్మ ఆమె పేరు. బడి మొఖం ఎన్నడు చూడలే. కొంగు నిండ కప్పుకొని ముందల్నే కూసున్నది. అర్ర నిండ జనం. కిష్టయ్య తన ముచ్చట చెప్పిండు, చెప్పి కూసోలే. నన్ను అడగకుండనే సుద్దముక్క తీస్కొని నల్లబల్ల దగ్గరికి పోయిండు. ఇది మేము అనుకున్నది గాదు, నాకు గూడ తెల్వది. ఒక్కొక్క అక్షరం గీస్తుండు. కడపటి అక్షరానికి ఒత్తు మర్చిపోయిండు, ఎనుకకు జరిగి చూస్కొని, మళ్ళ పోయి కింద పెట్టిండు.

నర్సమ్మ, ఏం రాసినవని అడిగింది.

"నీ పేరు" అన్నడు.

ఆమె లేచి బల్ల దగ్గరికి పోయింది. ముట్టుకుంటే చెరిగిపోతదని ముట్టుకోలే, వేలు మాత్రం అక్షరాల కింద ఇటు నుంచి అటు జరిపింది. జరిపి, "నా పేరు గింత పొడుగుంటదా?" అన్నది.

ఆ తెల్లారి క్లాసుకు ఇద్దరు వచ్చిన్రు, ఒక్క సైకిల్ మీద. ఆ తర్వాత దవాఖాన అర్ర ఊడ్చే ఆమె వచ్చింది, గల్లీల పూలమ్మే ఇద్దరు వచ్చిన్రు, ఇంక... పేర్లు యాదికొస్తలెవ్వు, వస్తయ్ లే మెల్లగ. నువ్వు గూడ టీచర్ ట్రెయినింగ్‌కు పోతవంట గద? పో బిడ్డా. దేవుడు నీ నోట్ల మెత్తటి మాట పెట్టాలె. నిన్ను చూస్తే ఏ పిలగాడు, ఏ పిల్ల కండ్లు మూసుకోవద్దు... నీ చాయ్ సల్లారింది సూడు, తే, వేడి చేస్త.